కేతిగాణ్ణి తీసేస్తే ఎట్లా?

మొన్న దసరాకి ఎడపల్లిలో మా పుట్టింటి అరుగు మీద చిన్నపాటి కురుక్షేత్రం జరిగింది. ఆస్తి తగాదా కాదు, ఎన్నికల గొడవా కాదు. ఒక కప్ప గురించి. అదీ గుడ్డతో కుట్టిన కప్ప!

మా అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. ఇరవై మూడేళ్ళు నిండినా వాడికి చిన్నప్పటి ‘మప్పెట్’ బొమ్మలంటే ప్రాణం. తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. జిమ్ హెన్సన్ అనే ఆయన 1955లో వాళ్ళమ్మ వాడి వదిలేసిన పాత కోటు గుడ్డ తీసుకుని, పింగ్‌పాంగ్ బంతిని రెండు చెక్కలు చేసి కళ్ళుగా అతికించి, కెర్మిట్ అనే బొమ్మను చేశాడు. అది ఆ తర్వాత కప్ప అయింది. 1976 నుంచి 1981 వరకు టీవీలో ‘మప్పెట్ షో’ నడిచింది. 1979లో మొదటి సినిమా వచ్చింది. 1990లో, యాభై మూడేళ్ళకే హెన్సన్ పోయాడు. 2004లో ఆ బొమ్మల్ని డిస్నీ సంస్థ కొనుక్కుంది.

ఇక అభిమానుల మధ్య తగువులకు లోటేముంది? హెన్సన్ తర్వాత కెర్మిట్‌కి చెయ్యీ గొంతూ ఇచ్చినవాడు స్టీవ్ విట్‌మైర్. పాతికేళ్ళు దాటాక అతన్ని తప్పించారు. 2017లో ఆ సంగతి బయటికొచ్చింది. ఆ చెయ్యి, ఆ గొంతు మాట్ వోగెల్‌వి అయ్యాయి. కొందరు “ఇది మన కెర్మిట్ కాదు” అన్నారు, కొందరు “బొమ్మ బతకాలంటే చెయ్యి మారాల్సిందే” అన్నారు. అంతకుముందు 2015లో టీవీ ధారావాహిక తీసి, బొమ్మల చేత పెద్దవాళ్ళ ప్రేమలూ ఎడబాట్లూ ఆడిస్తే ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. మళ్ళీ సినిమా తీయాలా, పాతవే చూసుకుంటూ కూర్చోవాలా? ఇదీ మావాడి దిగులు.

“గింత లొల్లి ఒక కప్ప కోసమా?” అంది మా అమ్మ, బియ్యంలో మెరిగలు ఏరుతూ. అని ఊరుకుందా? “మా కాలంల కేతిగాడు ఉండె. వాని ముందట మీ కప్ప ఏం లెక్క?” అంది. అంతే, యుద్ధం దేశం దాటి మా గుమ్మంలోకి వచ్చేసింది.

నిజాంసాగర్ కాలువ నీళ్ళూ, 1937లో బోధన్ దగ్గర షక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ, ఈ రెండూ కలిసి మా ప్రాంతాన్ని చెరుకుసీమగా చేశాయి. అమ్మ చిన్నతనంలో, చలికాలం చెరుకు బండ్లు బారులు తీరే రోజుల్లో, తోలుబొమ్మలవాళ్ళు వచ్చేవాళ్ళట. ఏ ఊరివాళ్ళో ఆమెకు గుర్తులేదు. వాళ్ళలో వాళ్ళు మాత్రం మరాఠీ మాట్లాడుకునేవారట. అందులో వింత లేదు. తెలుగుదేశంలో తోలుబొమ్మలాడించే కుటుంబాలు చాలావాటికి ఇంటి భాష ఆరె మరాఠీ. ఇంట్లో మరాఠీ, తెర వెనక తెలుగు ద్విపద! మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మావాళ్ళకు ఆ రెండు భాషల కాపురం కొత్త కాదు.

ఆట అసలు చాలా పాతది. పదమూడో శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన చేశాడు. అదే శతాబ్ది వాడైన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ఈ ఆటగాళ్ళకు నోటికి వచ్చిన పుస్తకం. అరవై మందిలో యాభై మందికి చదువు రాని ఊళ్ళో రామాయణం తెల్లవార్లూ వినిపించింది వీళ్ళే. వెనక దీపాలు, ముందు తెల్లటి పంచె తెర, బొమ్మను తెరకు గుచ్చడానికి ఈతముల్లు. యుద్ధం వచ్చిందంటే కాలికింది చెక్కలు దడదడ తొక్కేవారు. మనిషంత ఎత్తు బొమ్మ చేతులు విసురుతూ తెర మీదికొస్తే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరాల్సిందే. ఇంకో ముచ్చట. నాటకాల్లో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టిన రోజుల్లో, ఈ తెర వెనక సీతకు గొంతు ఇచ్చింది సీతలాంటి ఆడమనిషే. రచయిత్రినైన నాకు ఆ సంగతి చెప్పొద్దూ, చాలా గర్వంగా ఉంటుంది.

ఇక కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. వీళ్ళు రామాయణంలోనూ లేరు, భారతంలోనూ లేరు. యుద్ధం మధ్యలో దూరి మోటు సరసాలాడతారు, ఊళ్ళో పెద్దమనుషుల గుట్టు విప్పుతారు. రాముడికి దణ్ణం పెట్టి కునుకు తీస్తున్నవాళ్ళంతా కేతిగాడు రాగానే లేచి కూర్చుంటారు.

“ఆ బూతులు తీసెయ్యాలె అక్కా. ఇప్పటి పిల్లలు వినేటివి గావు” అన్నాడు మా మేనమామ. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. “తెల్లందాక ఎవడు కూసుంటడు? అరగంటకు కుదించి ఫోన్ల పెడితే లోకమంతా చూస్తది.”

“కేతిగాణ్ణి తీసేస్తే ఎట్లరా? ఉప్పులేని పప్పు!” అంది అమ్మ.

“అమ్మమ్మ చెప్పింది కరెక్టు. పాత్రను మార్చొద్దు” అన్నాడు మా కెర్మిట్ భక్తుడు.

నేను మధ్యస్థురాలిలా ఫోజు పెట్టి చరిత్ర విప్పాను. అసలు మారనిదేముంది ఈ ఆటలో? దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు వాడటం పాత ఆచారం. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు రాముడైనా రావణుడైనా మేకతోలే. ఆముదం దీపాలు పోయి కరెంటు బల్బులొచ్చాయి. సినిమా వచ్చాక ప్రేక్షకులు అటు పోయారు. తోలు మీద బొమ్మ గీసే చేతులు ఆట వదిలి దీపాలకు తొడుగులు, గోడకు పటాలు చేయడం మొదలుపెట్టాయి. అనంతపురం వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఆ పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన తెలంగాణలో అమ్మాపురం కొయ్యబొమ్మలాట ఉండనే ఉంది. జావాలో తోలుబొమ్మల ఆట ‘వయాంగ్’ను 2003లో యునెస్కో గొప్ప వారసత్వంగా ప్రకటించింది.

ఇలా ప్రవాహంలా పోతున్న నా ఉపన్యాసానికి అమ్మ ఒక్క వేలితో ఆనకట్ట కట్టేసింది. ఆ వేలు మూలనున్న దీపం వైపు చూపిస్తోంది.

హైదరాబాదులో ఓ హస్తకళల ప్రదర్శనలో ముచ్చటపడి కొని, నేనే అమ్మకు ఇచ్చిన తోలు దీపం అది. దాని మీద అశోకవనంలో సీత. “సీతమ్మను తీసుకొచ్చి బల్బుకు చుట్టినవ్. ఇగ నువ్వు ఆట గురించి చెప్తున్నవా?” అంది.

నా నోరు పడిపోయింది. నవ్వుతాలుకి అన్నదే, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే కదా! ఆట చచ్చిపోతోందని వ్యాసాలు రాసే నాలాంటివాళ్ళు ఆట ఆడించుకున్నారా ఎప్పుడైనా? తోలు ముక్క కొని ఇంట్లో పెట్టుకున్నాం, అంతే.

పొద్దున్నే ఆ దీపం అమ్మినాయన నంబరు వెతికి ఫోన్ చేశాను. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉంటుందో లేదో. మా రాత్రి తగువంతా చెప్పి, “దీపాలు అమ్మడం తప్పనిపిస్తుందా మీకు?” అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

ఆయన కోప్పడలేదు. “మా తాత చిరిగిన బొమ్మను పారెయ్యలేక పూజచేసి ఏట్లో వదిలేవాడమ్మా. నేను దీపాలమ్మి మా పాప కాలేజీ ఫీజు కట్టినా. రెండూ మా ఇంట్లోనే జరిగినాయి” అన్నాడు. కాసేపాగి, “ఆట పెట్టిస్తారా? ఎంతమంది వస్తారు? ఎంతసేపు కూచుంటారు?” అని అడిగాడు.

రాత్రి మేమంతా గంటలకొద్దీ వాదించుకున్నామా, బూతులుండాలా వద్దా, అరగంటా తెల్లవార్లా అని. కూర్చునేదెవరో ఒక్కరమూ లెక్క పెట్టలేదు. కెర్మిట్ చెయ్యి ఎవరిదన్న తగువులోనూ, ఆలోచిస్తే, అంతే. బొమ్మ ఎలా ఉండాలో అభిమానులందరికీ తెలుసు. చెయ్యి నొప్పి ఆ బొమ్మలో చెయ్యి పెట్టినవాడిదే.

మా మేనమామ మాటా పూర్తిగా కొట్టెయ్యలేను. 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ దగ్గర్నుంచీ, అది మళ్ళీ తెరుస్తారని ఆయన ప్రతి దసరాకీ లెక్కలు చెబుతాడు. “పాతది పాతగనే తెరువమంటే ఎవ్వడు తెరుస్తడు? నడిచేటట్టు మార్చి తెరువాలె” అంటాడు. పొయ్యి చల్లారిన బాధ తెలిసినవాడు కాబట్టే, ఏదో ఒక రూపంలో మంట ఉంటే చాలనుకుంటాడు.

చివరికి సంధి కుదిరింది. సంక్రాంతి దాటాక ఎడపల్లిలో ఆట. అరగంటా కాదు, తెల్లవార్లూ కాదు, నాలుగు గంటలు. ఖర్చు అక్కా నేనూ చెరిసగం. మావాడు వీడియో తీస్తాడు, కానీ ఆటగాళ్ళు ఒప్పుకున్నంత వరకే. కథ మాత్రం అమ్మ ఎంచింది. బకాసుర వధ. బోధనే ఏకచక్రపురమనీ, బకాసురుడు ఇక్కడివాడేననీ మావాళ్ళ నమ్మకం మరి! ఆ బొమ్మ తమ దగ్గర పాతబడి చిల్లులు పడిందనీ, కొత్తది చెయ్యాలనీ ఆయన అన్నాడు. “చెయ్యమను, పైసలు నేనిస్త” అంది అమ్మ. వ్యాసాలు రాసే కూతురికంటే బియ్యం ఏరే తల్లి ముందుంది.

కేతిగాడి సంగతి ఫోన్‌లోనే తేలిపోయింది. “కేతిగాడు లేకుండా మేం ఏ ఊరికీ రాం తల్లీ” అని ఆయన నవ్వాడు. మా మేనమామ మొహం చూడాల్సింది.

తిరుగు ప్రయాణానికి బస్సెక్కబోతుంటే అమ్మ వేళ్ళు మడుస్తూ కనిపించింది. ఆఖరిదాకా కూర్చునేవాళ్ళెందరో లెక్కేస్తోంది. ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు కలిపి పదకొండు దాకా వచ్చి, నా దగ్గర ఆగింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక్కసారి ఆట చూశాను. అప్పుడు నడిరాత్రే నాన్న ఒళ్ళో నిద్రపోయి, రావణుడు చావడం చూడలేదు.

“నువ్వు పండుకోవు గద?” అంది.

పండుకోనమ్మా అన్నాను. అయినా వేలు మడవలేదు.