నిలుచున్నవాళ్ల స్నేహం

ఒరే చిన్నోడా, ఆ తాటిమట్ట కాస్త లోపలికి తొయ్యి, పొగంతా నా మీదికే వస్తోంది. ఆఁ, ఇప్పుడు చెప్తా. లండన్‌లో ఆ తెల్లాయనతో స్నేహం ఎలా కలిసిందనే కదూ అడిగావు? పాటకచేరీలోరా. నిజానికి కచేరీలో కూడా కాదు, బయట వరసలో.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి వెళ్లాను. అప్పట్లో ఇంగ్లండు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే కుర్ర డాక్టర్లలో మన దేశపువాళ్లు బోలెడుమంది. వార్డులో మర్యాదకి లోటు లేదు. అద్దెగదికి తిరిగినప్పుడు తెలిసేది అసలు సంగతి. రంగువాళ్లకి గది ఇవ్వమనడం 1968 చట్టంతో నేరమైంది. బోర్డులు తీసేశారు, తలుపు తీసే మొహాలు మాత్రం మారలేదు. సాయంత్రం తీరిక దొరికితే ఎటు పోవాలో తోచేది కాదు.

అప్పుడు ఓ నర్సమ్మ చెప్పింది ప్రామ్స్ గురించి. ఏటా ఎండాకాలం రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీవాళ్లు జరిపే కచేరీలు. రెండు నెలలపాటు దాదాపు రోజూ ఉంటాయి. హాలు మధ్యలో, వేదిక ఎదురుగా, అప్పట్లో చిల్లర డబ్బులకే చోటిచ్చేవారు. మన సినిమాహాలు నేల టికెట్టే అనుకో, కాకపోతే అక్కడ కూర్చోరు, నిలబడతారు. ఆ చోటు కోసం హాలు వెనక మెట్ల మీద గంటలకొద్దీ వరస కట్టాలి.

ఆ వరసలో నా ముందు నిలబడ్డాడాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పేరు చెప్పను, మనవలున్నారు అక్కడ. 'టీ తాగొస్తా, నా చోటు చూస్తావా?' అన్నాడు. ఆ దేశం వెళ్లాక నన్ను ఒకడు నమ్మి ఏదైనా అప్పగించడం, ఆసుపత్రి బయట, అదే మొదలు. వస్తూ నాక్కూడా ఓ కప్పు తెచ్చాడు.

ఆ రాత్రి బీథోవెన్ ఏడో సింఫనీ. అందులో రెండో భాగం ఒకటే నడక పట్టుకుని పోతుంది. మా మేనత్త వీణ నేర్పుతుంటే పక్కన కూర్చుని తాళం వేసినవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? తొడ మీద ఆదితాళం మొదలైంది. అక్కడ దగ్గినా నేరమే, భళా అనడానికి లేదు. అందుకని చప్పుడు రాకుండా వేళ్లతోనే వేస్తున్నా. ఆయన చూశాడు. కచేరీ అయ్యాక 'ఏమిటి లెక్కపెడుతున్నావు?' అన్నాడు. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు, అని రోడ్డు మీదే చూపించాను. మళ్లీ కలిసినప్పుడు చూద్దును కదా, వరసలో నిలబడి ఆయనే వేళ్లు మడుస్తున్నాడు!

ఆయన చెప్పిన కబుర్లకి అంతులేదు. ఈ కచేరీలు 1895లో క్వీన్స్ హాల్ అనే చోట మొదలయ్యాయి. నడిపించినవాడు హెన్రీ వుడ్, మొదలెట్టడానికి డబ్బిచ్చినవాడు మాత్రం జార్జ్ కాత్‌కార్ట్ అనే గొంతు డాక్టరు. మా కులపువాడే! ఊరికే ఇవ్వలేదు. శ్రుతి తగ్గించాలని షరతు పెట్టాడు. అప్పట్లో ఇంగ్లండులో శ్రుతి బాగా హెచ్చుగా ఉండేదట, గాయకుల గొంతులు దెబ్బతింటాయని ఈయన బెంగ. డాక్టరన్నవాడు సంగీతానికి చేయగల మేలు అంతకన్నా ఏముంటుంది చెప్పు?

కుర్రతనంలో మా గార్డుగారు క్వీన్స్ హాల్లోనే హెన్రీ వుడ్‌ని విన్నాడు. సోమవారం వాగ్నర్, శుక్రవారం బీథోవెన్ అని వారాలు వల్లించేవాడు. 1941 మే నెలలో జర్మన్ల బాంబులకి ఆ హాలు తగలబడిపోయింది. ఆ మాట వచ్చినప్పుడు మాత్రం క్లుప్తంగా చెప్పి ఊరుకునేవాడు.

1971లో హిందుస్తానీ విద్వాంసుడు ఇమ్రత్ ఖాన్ గారు ప్రామ్స్‌లో వాయించారు. మన శాస్త్రీయ సంగీతం అక్కడ వినిపించడం అదే మొదలు. 'ఇవాళ నువ్వు గురువువి, నేను శిష్యుణ్ణి' అన్నాడు మా గార్డుగారు. ఏం గురువునిరా! నాకు తెలిసింది త్యాగరాజస్వామీ, ఘంటసాలాను. హిందుస్తానీ నాకూ కొత్తే. ఆ మాటే చెప్పాను. 'మంచిదే, ఇద్దరం ఒకే క్లాసన్నమాట' అని నవ్వాడు. తాళంలేని ఆలాపన సాగుతుంటే ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

1974లో ఓ రాత్రి డ్యూటీ పడి నేను వెళ్లలేదు. 'కార్మినా బురానా' పాడుతూ థామస్ అలెన్ ఉక్కకి సొమ్మసిల్లి పడిపోయాడట. ప్యాట్రిక్ మెకార్థీ అని, వినడానికి వచ్చిన ఓ కుర్రగాయకుడు నాకీ పాట వచ్చంటూ ముందుకెళ్లి మిగతాది పాడేశాడు. 'వాడు మా నేలవాడు' అని మా గార్డుగారు ఎన్నిసార్లు చెప్పాడో, తనే పాడినంత సంబరం!

ఆయన ఇంటికి నేనెప్పుడూ వెళ్లలేదు, ఆయనా నా గదికి రాలేదు. సెప్టెంబరులో విడిపోతే మళ్లీ జూలైలోనే. మీ నాయనమ్మ అదేం స్నేహమని వేళాకోళం చేసేది. చెయ్యనీ. ఇంటికి పిలిచి భోజనం పెట్టిన కొందరి మొహాలు కూడా ఇప్పుడు నాకు గుర్తులేవు.

అమ్మడూ, వచ్చే ఏడు చదువుకి లండన్ వెళ్తున్నావుగా. నిలబడే టికెట్లు ఇప్పటికీ ఏ రోజువి ఆ రోజే అమ్ముతారు, ఫోన్లోనే కొనుక్కోవచ్చట. కొనుక్కో. కానీ టికెట్టు చేతిలో ఉంది కదా అని పాట మొదలయ్యే వేళకి వెళ్లకు. రెండు గంటలు ముందే వెళ్లి వరసలో నిలబడు.