ఎండకు కమిలిన చర్మానికి ఇంటి వద్దే ఉపశమనం

మడకశిర: సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న మడకశిర ప్రాంతంలో చల్లగాలి వీస్తున్నా ఎండ చర్మాన్ని కమిలిస్తుంది. ఇందుకు కారణం వేడిమి కాదు, అతినీలలోహిత కిరణాలు. అందుకే పొలాల్లో, మల్బరీ తోటల్లో పనిచేసేవారికి మంట అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటల తర్వాత మొదలై, మరుసటి రోజుకు తీవ్రమవుతుంది.

ఏం చేయాలి: వెంటనే నీడకు చేరాలి. చల్లని నీటిలో తడిపిన మెత్తని నూలు గుడ్డను మంట ఉన్నచోట 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. దీనిని రోజుకు పలుమార్లు చేయవచ్చు. కలబంద ఆకును కోసి, పసుపుపచ్చని జిగురు కారిపోయాక లోపలి గుజ్జును పూస్తే ఉపశమనం లభిస్తుంది. చర్మం చిట్లినచోట పూయరాదు. నీరు, మజ్జిగ తరచుగా తీసుకోవాలి. పెద్దలు నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు.

ఏం చేయకూడదు: మంచుగడ్డ నేరుగా పెట్టరాదు. నూనె, వెన్న, టూత్‌పేస్ట్ పూయరాదు. బొబ్బలను చిదిమితే చీము పట్టే ప్రమాదం ఉంది.

ఆసుపత్రికి ఎప్పుడు: బొబ్బలు విస్తరించినా, జ్వరం, చలి, వాంతులు, మగత కనిపించినా జాప్యం చేయరాదు. అది వడదెబ్బ కూడా కావచ్చు. ఏడాదిలోపు శిశువులకు చర్మం కమిలితే ఇంటి వైద్యంతో సరిపెట్టక వైద్యుడికి చూపించాలి.