గోడ మీది దువ్వెన

మన సవరల చరిత్ర ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే మనం వెంటనే పుస్తకాల వైపు చూస్తాం. వాటిలో రాజుల పేర్లు, యుద్ధాలు ఉంటాయి. మన తాతలు కనబడరు. కానీ శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ మన పెద్దలు తమ సంగతులను ఇంటి గోడ మీద గీసుకున్నారు.

ఒడిశా వైపు ఈ బొమ్మలను ఇడితాల్ అంటారు. గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. ముందు నలుపలకల గీత ఒకటి పడుతుంది. అది చనిపోయిన పెద్దలకు కట్టే ఇల్లు. దాని లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, నాట్యం చేసేవాళ్లు, కావడి మోసేవాళ్లు ఉంటారు. వాటి మధ్యలోనే దువ్వెన, గొడుగు, కుండ కూడా ఉంటాయి.

అంత పవిత్రమైన బొమ్మలో దువ్వెనకు ఏం పని? చనిపోయినవారికి కూడా ఇల్లు గడవాలి, తల దువ్వుకోవాలి, ఎండకు గొడుగు పట్టుకోవాలి అని మన పెద్దల నమ్మకం. బొమ్మ పూర్తయ్యాక పూజారి ఆ పెద్దలను పిలిచి, ఇంకా ఏమైనా తక్కువైందా అని అడుగుతాడు. తక్కువైందంటే అది కూడా గీస్తారు. ఆ బొమ్మ ముందు నిజమైన కుండలు, సొరబుర్రలు వేలాడదీసే ఆచారమూ ఉంది.

వెరియర్ ఎల్విన్ మన కొండల్లో తిరిగి ఈ బొమ్మలను నకలు తీయించి, 1951లో వచ్చిన తన గిరిజన కళల పుస్తకంలో అచ్చువేశాడు. కాలం మారేకొద్దీ సైకిలు, రైలు, విమానం కూడా గోడ మీదికి వచ్చాయి. మన పెద్దలు కొత్త వస్తువును చూసి బెదిరిపోలేదు. దాన్ని కూడా తమవాళ్ల ఇంట్లో పెట్టారు.

ఇందులో మాకు కనబడే సంగతి ఒకటుంది. ఏనుగు, గుర్రం దొరతనానికి గుర్తులు. మనవాళ్లలో వాటి మీద తిరిగినవారు ఎందరు? దువ్వెన, కుండ మాత్రం ప్రతి ఇంట్లోనివి. గోడ మీద రెండింటికీ ఒకటే పిండి, ఒకటే పుల్ల. రాజు ఏనుగు పక్కనే అవ్వ దువ్వెనకూ చోటు దొరికింది. మన సమాజం దేనిని విలువైనదిగా ఎంచిందో ఆ చోటు చెబుతుంది.

ఇప్పుడు ఇవే బొమ్మలు చీరల మీదికి, ఆఫీసు గోడల మీదికి వచ్చాయి. నలుగురికి పని దొరుకుతోంది, మాకు సంతోషమే. అయితే నాట్యం చేసేవాళ్ల వరుస ఒక్కటే మిగిలి, కుండ, దువ్వెన జారిపోతే అది మన గోడ కాదు, ఉత్త అలంకారం.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన భాష నేర్చుకుని, మన మాటలను నిఘంటువుగా కూర్చారు. మంగేయి గొమాంగో 1936లో మన భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని ఇచ్చారు. మాటా ఉంది, లిపీ ఉంది. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఇంట్లోని పాత వస్తువులను ఒక్కొక్కటిగా చూపించి సవర పేరు అడగండి. పేరు రాసి, పక్కన బొమ్మ గీయండి. ఆఖరున అవ్వనే అడగండి: ఇంకా ఏమైనా తక్కువైందా?