మొఘల్ గుమ్మటం, ఇంగ్లీషు పెళ్ళి

లండన్‌లో ఉండే మా బాబాయి కూతురు పెళ్ళికి గ్లోస్టర్‌షైర్‌లోని సీజిన్‌కోట్ భవంతి చూసింది. రాగి గుమ్మటం, మొఘల్ తోరణాలు. "అచ్చం మన కోటలా ఉంది అన్నయ్యా" అంది.

1805 ప్రాంతంలో దాన్ని కట్టించింది చార్లెస్ కాకరెల్. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసి, బాగా గడించి వెళ్ళినవాడు. గుమ్మటంతోపాటు దాని ఖర్చూ ఇండియాదే అన్నమాట.

ఇలాంటి భవంతుల్లో పెళ్ళి పాత ఆచారం అనుకున్నాను. కాదు. ఇంగ్లాండులో సివిల్ పెళ్ళిని రిజిస్టర్ ఆఫీసు దాటించింది 1994 నాటి చట్టం. సంప్రదాయం నాకన్నా చిన్నది! పైగా ఆ తంతులో మంత్రాలకు చోటు లేదు. జీలకర్ర-బెల్లం విడిగా పెట్టుకోవాల్సిందే.

వద్దనలేదు. శుభలేఖలో ఆ ఇల్లు ఎవరి సొమ్ముతో లేచిందో ఒక్క వాక్యం వెయ్యమన్నాను. ఆలోచిస్తోంది.