మాయమ్మ బడికి మూడుసార్లొచ్చింది

మాయమ్మ ఊళ్లోని బడికి మూడుసార్లొచ్చింది. మూడుసార్లూ వసారా మెట్లెక్కలేదు. వేపచెట్టు మొదట్లో నిలబడి మాట్లాడి పోయింది. మా చదువుల గురించి ఎవరు రాసినా చదివిన పిల్లల గురించే రాస్తారు. పేరు రాయించడానికీ, తిట్లు తినడానికీ, టీసీ అడుక్కోడానికీ పూట కూలి పోగొట్టుకుని బడిముందు నిలబడ్డ అమ్మల గురించి, అయ్యల గురించి రాసింది తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఒంగోలు దగ్గర పొగాకు పండే ఊరు. మా మాదిగపల్లెలో ఒక బడి, ఊళ్లో ఒక బడి. పల్లెబడి అయిదో తరగతి దాకా, ఒక్కడే పంతులు. ఊళ్లో బడి ఏడు దాకా. 'పంచాయతీ సమితి ప్రాథమికోన్నత పాఠశాల' అని తెల్లసున్నం మీద నీలిరంగుతో రాసుండేది. రెండు బళ్లకీ మధ్య అరమైలు కూడా లేదు. పల్లెలో అయిదు పాసయిన పిల్లల్లో సగంమంది ఆ అరమైలు దాటేవాళ్లు కాదు. దాటినవాళ్లలో ఆడపిల్లలు నూటికో కోటికో ఒకళ్లు. మా పిల్లలకు చదువు మీద ధ్యాస లేదని ఊరోళ్లు అనేవాళ్లు. ఆ రెండు బళ్లు ఎందుకొచ్చాయో మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ఆయన బడికి మొదట పెద్దకులాల పిల్లలు వచ్చారు. మావాళ్లు దేవుణ్ని నమ్ముకుని ఆ గుమ్మం తొక్కేసరికి వాళ్లు లేచిపోయారు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకు కూలిచ్చి బతికించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఆ తర్వాతే పల్లెపల్లెకీ గుడిసె బడి వచ్చింది. చర్చీ అదే, బడీ అదే. 1919 తర్వాత మద్రాసు ప్రభుత్వం లేబరు శాఖను పెట్టి మాకు ఇళ్లస్థలాలు, బావులు, బళ్లు విడిగా ఇయ్యడం మొదలుపెట్టింది. ఊరి బావికాడికి రానియ్యనందుకు వేరే బావి, ఊరి బడికి రానియ్యనందుకు వేరే బడి. వాటివల్లే మాకు నాలుగక్షరాలు వచ్చినమాట నిజం. ఊరి బడి తలుపు తెరిపించే పని సర్కారుకు తప్పిపోయినమాటా నిజమే.

వేరే బడిలో చదివిన పిల్లోడు ఎప్పుడో ఒకప్పుడు ఊరి బడికి పోవాల్సిందే. అది ఆరో తరగతిలో వచ్చేది. పదకొండేళ్ల పిల్లోడు, పన్నెండేళ్ల పిల్ల, అప్పటిదాకా తనవాళ్ల మధ్య కూచున్నోళ్లు, ఒక్క వేసవి సెలవుల్లో అంటరానోళ్లయిపోయేవాళ్లు. మాకు మిడిల్ స్కూలంటే అదీ.

మా చిన్నాన్న ఆ దాకా కూడా రాలేదు. 1953లో ఆయన నాలుగో తరగతి. అప్పుడు మేం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూళ్ల ప్రాథమిక బళ్లలో కొత్త పద్ధతి పెట్టాడు. ఒకపూట బడి, ఇంకోపూట తల్లిదండ్రుల దగ్గర కులవృత్తి నేర్చుకోవాలి. మా తాత దగ్గర నేర్చుకునేదేముంది? తోళ్లు నానబెట్టడం, ఆసామి గొడ్లకాడ పేడ ఎత్తడం. కులవృత్తి చదువని జనం తిరగబడితే 1954లో మద్రాసులో కామరాజ్ దాన్ని రద్దు చేశాడు. రద్దయిందని మా చిన్నాన్నకు ఎవరూ చెప్పలేదు. ఒకపూట గొడ్లకాడికి పోయినోడు రెండుపూటలా అక్కడే ఉండిపోయాడు.

1970 జూన్‌లో మాయమ్మ మొదటిసారి బడికొచ్చింది. నన్నూ అక్కనూ ఆరులో చేర్పించడానికి. అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద. తమ్ముణ్ని ఎత్తుకుని ఆలస్యంగా పలక పట్టింది కాబట్టి ఇద్దరం ఒకే తరగతి. మాయయ్య పాలేరు. ఆయన రాడు. ఆసామి పని మానిపిస్తాడా? మాయమ్మే ఉతికిన కోక కట్టుకుని, తలకు ఆముదం రాసి మమ్మల్ని తీసుకొచ్చింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"ఇద్దరెందుకే? ఆడపిల్ల కూడానా? ఇంటికాడ పనెవరు చేస్తారు?"

"చదువుకుంటానంటంది అయ్యా."

"పేరేంది?"

మాయమ్మ పాస్టరుగారు పెట్టిన పేరు చెప్పింది. ఆయన నవ్వి, "ఆ పేరు రాస్తే స్కాలర్షిప్పు రాదు, ఊరి దేవత పేరు చెప్పు" అన్నాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డ్ కులాల లెక్కలోకి రారు. మాయమ్మకు ఉత్తర్వు తెలవదు. పిల్లల పుస్తకాల డబ్బులు పోతాయని మాత్రం అర్థమైంది. అప్పటికప్పుడు మా ఇద్దరికీ పేర్లు మారాయి. మతం దగ్గర 'హిందూ' అని రాశాడు. రిజిస్టరు మెట్టుమీద పెట్టి సిరాపెట్టె పక్కన పెట్టాడు. మాయమ్మ కిందనుంచే వంగి వేలిముద్ర వేసింది. ఏ హిందూ మతంలో రాశాడో ఆ మతమే ఆమెను మెట్టెక్కనియ్యలేదు.

బళ్లో మా వరస చివర. హాజరులో మా పేర్లు చివర. మధ్యాన్నం కేర్ వాళ్ల పసుపురంగు ఉప్మా పెడితే మా ఆకులు చివర. ఉప్మా అయిపోతే గిన్నె గీకిన మాడు మాకు. ఆ మాడుకోసం కూడా నేను ఎదురుచూసేవాణ్ని. ఆకలి అట్లాంటిది, సిగ్గు పడనియ్యదు.

నీళ్లకు వసారా మూల కుండ, దానిమీద సత్తు గ్లాసు. మేం ముట్టకూడదు. ఊరి పిల్లలెవరైనా ఎత్తి పోస్తే దోసిలి పట్టాలి. వాళ్లకు ఆట దొరికితే మాకు దాహం. సతారా బళ్లో అంబేడ్కర్‌కు ప్యూను పోస్తేనే నీళ్లు. అది 1900 నాటి సంగతి. 1955లోనే అంటరానితనం నేరమని చట్టమొచ్చింది. ఆ చట్టానికి పదిహేనేళ్లు నిండాక మేం దోసిలి పడుతున్నాం. మా బళ్లో ప్యూను కూడా లేడు.

ఆ నవంబరులో ఒకరోజు వసారాలో ఎవరూ లేరు. అక్క గ్లాసు ముంచుకుని తాగింది. ఇంకో గ్లాసు ముంచి నాకు తెచ్చింది. ఎవరో చూశారు. ఒక సారు వచ్చి బెత్తంతో దాని చేతులమీద కొట్టాడు. పెద్దపిల్లలు కుండ ఎత్తుకుపోయి గోడవతల పగలగొట్టారు. "రేపు కుండ డబ్బులు తెస్తేనే బడికి రండి" అన్నారు.

మరుసటిరోజు మాయమ్మ రెండోసారి బడికొచ్చింది. డబ్బులు తేలేదు. కుమ్మరాయన దగ్గర గింజలు కొలిచి, కొత్త కుండ కొని నెత్తిన పెట్టుకుని వచ్చింది. మెట్టుమీద పెట్టి, "ఇదిగో అయ్యా మీ కుండ, పిల్లల్ని కూచోనియ్యండి" అంది. అయ్యోరు కుండ వైపు చూశాడు, మాయమ్మ వైపు చూశాడు. మాదిగామె నెత్తిన మోసుకొచ్చిన కుండలో ఊరి పిల్లలు ఎట్లా తాగుతారు? ఆ సాయంత్రం ఊళ్లోంచి ఇంకో కుండ వచ్చింది. మాయమ్మ తెచ్చింది వేపచెట్టు కిందికి చేరింది. అదే మా కుండ అయింది. రెండు కుండల పద్ధతి పెట్టమని ఏ అధికారీ ఉత్తర్వు ఇయ్యలేదు. కాయితమ్మీద రాయకుండానే అమలయ్యే చట్టాలు మా ఊళ్లో చాలా ఉండేవి.

ఆ కుండ వల్ల మాకు దోసిలి తప్పింది. అక్క రోజూ పల్లె బావినుంచి నీళ్లు తెచ్చి నింపేది. లెక్కలు చెప్పే ముసల్మాను సారు ఒకాయన అందరూ చూస్తుండగా వచ్చి మా కుండలో నీళ్లు ముంచుకుని తాగేవాడు. ఆయన ఏమీ ఉపన్యాసం చెప్పలేదు. తాగి, మూతి తుడుచుకుని పోయేవాడు. నేను పంతులు ఉద్యోగం కోరుకున్నది ఆయన్ని చూసే.

1971 జనవరి. పొగాకు కోతలు మొదలయ్యాయి. ఆకు కొయ్యడం, కర్రలకు అల్లడం, బ్యారన్లకు మొయ్యడం. సంక్రాంతి ముందే ఆసామి మాయయ్యకు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. ఇంట్లో రెండు చేతులు కావాలన్నాడు. ఏ రెండు చేతులో మా ఇంట్లో ఎవరూ అనలేదు. అక్కే పలకాపుస్తకం అటకమీద పెట్టి పోయింది. నేను, "నేను పోతాలే" అని ఒక్కమాట అనలేదు. అనుంటే ఏమయ్యేదో తెలవదు. అనలేదనేదే నాకు మిగిలింది. పొగాకు జిగురు నల్లగా చేతులకు పట్టి ఎంత తోమినా పోదు. అన్నం చేదెక్కుతుంది. ఆ చేత్తోనే నాకు కూడా కలిపిపెట్టేది. మార్చిలో కోతలయిపోయాక బడికి పోతానంది. అప్పటికి దాని పేరు కొట్టేశారు.

1972 జూన్‌లో మాయమ్మ మూడోసారి వచ్చింది. నేను ఏడు పాసయ్యాను. టీసీ ఇచ్చారు. చేతికియ్యలేదు, మెట్టుమీద పెట్టారు. మాయమ్మ దాన్ని కొంగులో కట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఇంకేంది?"

"నా కూతురు కాయితం కూడా ఇయ్యండయ్యా."

"దానికి కాయితమేందే? మానేసిందిగా."

"ఏడు నెలలు చదివింది గదయ్యా. చదివిందాన్ని చదివిందని రాసియ్యరా?"

ఆయన జవాబు చెప్పలేదు. లోపలికి పోయాడు. మాయమ్మ చెట్టుకింది కుండ వైపు ఒకసారి చూసి నన్ను తీసుకుని వచ్చేసింది. ఆమె 1991లో పోయింది. చుండూరులో మావాళ్లను చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన ఏడాది అది.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివి 1983లో నేను పంతులునయ్యాను. 1985 జులైలో కారంచేడు జరిగింది. తాగే చెరువునీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు, బిందె ఎత్తిన ఒక ఆడమనిషి మీద పగబట్టి పల్లెమీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ వార్త విన్నరోజు నాకు గుర్తొచ్చింది మాయమ్మ కుండే. నీళ్లకాడ మొదలయ్యేది నీళ్లకాడ ఆగదు. ఆ సెప్టెంబరులో పుట్టిన దళిత మహాసభ మాబోటి పంతుళ్లకు తలెత్తి నడవడం నేర్పింది.

తర్వాత చట్టాలొచ్చాయి. 1998లో తల్లిదండ్రులతో బడి కమిటీలు పెట్టాలని మన రాష్ట్రం చట్టం చేసింది. 2003లో మధ్యాన్నం వండిన అన్నం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పావువంతు తల్లిదండ్రులుండాలి, సగం ఆడవాళ్లుండాలి. నేను హెడ్మాస్టరుగా చేసిన బళ్లో మొదట్లో తీర్మానాల పుస్తకం మా ఆడవాళ్ల ఇళ్లకు పోయి వేలిముద్రలతో తిరిగొచ్చేది. ఆ పద్ధతి ఆపించి మీటింగులకు కుర్చీలు వేయించాను. మొదటి మీటింగులో పల్లె తల్లులు కుర్చీలు వదిలేసి గోడవారగా కింద కూచున్నారు. బతిమాలితే అంచులమీద కూచున్నారు. మా పల్లె ఆమె వంటచేస్తే కొందరు పిల్లలు కొన్నాళ్లు ఇంటినుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఆకలి వాళ్లకూ ఉందిగా, తర్వాత తిన్నారు.

కుర్చీ దొరికేనాటికి ఊరు బడిని వదిలేసింది. పచ్చరంగు బస్సులొచ్చి ఊరి పిల్లల్ని ప్రయివేటు బళ్లకు ఎక్కించుకుపోతున్నాయి. మిగిలింది మా పిల్లలు. పిల్లలు తక్కువని బళ్లు కలిపేశారు. 2022లో మన రాష్ట్రంలో చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దూరంగా ఉన్న బళ్లకు మార్చారు. మాకు పదకొండేళ్లకు వచ్చిన అరమైలు ఎనిమిదేళ్ల పిల్లలకే ఎదురొచ్చింది. చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 'డ్రాపవుట్లు' అనే మాట మీ పుస్తకాల్లో కనపడితే ఆగి ఒక ప్రశ్న అడగండి. మానేసింది పిల్లలా, పంపేసింది బడా?

2024 డిసెంబరు 7న ప్రభుత్వ బళ్లన్నిట్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. నేను రిటైరయి అప్పటికి అయిదేళ్లు. అక్క మనవడు ఆ ఊరి బళ్లోనే చదువుతున్నాడు. వాడి తల్లీతండ్రీ హైదరాబాదులో మేస్త్రీ పనిలో ఉన్నారు. అక్కను నేను తీసుకుపోయాను. మెట్లెక్కి వసారా దాటి లోపలికి పోయింది. కుర్చీలో కూచుంది. హాజరు పుస్తకం వస్తే ఒకతను సిరాపెట్టె జరిపాడు. అక్క పెన్ను అడిగింది. నిదానంగా సంతకం పెట్టింది. పాస్టరుగారు పెట్టిన పేరు.

మీటింగయ్యాక హెడ్మాస్టరమ్మను అడిగింది, "పాత రిజిస్టర్లుంటాయా అమ్మా? నా పేరు చూడాల" అని. ఆమె బీరువా తీయించింది. 1970 అడ్మిషన్ల పుస్తకం చెదలు కొట్టినా ఉంది. నా పేరు పైన దాని పేరు, దానిమీద ఎర్రసిరా గీత, చివరి గడిలో 'దీర్ఘకాల గైర్హాజరు'. అక్క ఆ గీతమీద వేలు పెట్టి పేరును కూడబలుక్కుని చదివింది.

"రాసినారుగా. చదివినానని అమ్మకు ఇట్లా చూపించుంటే సరిపోయేది" అంది.

పక్కనే మాయమ్మ వేలిముద్ర ఉంది. సిరా ఇంకా నల్లగానే ఉంది.