మెదక్ (క్రైస్తవ సేవా కేంద్రం)

మెదక్ తెలంగాణలోని పాత పట్టణం. కాకతీయుల నాటి కొండకోటకు మెతుకుదుర్గం అని పేరు. నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టుల సేవ సికింద్రాబాదులో మొదలైనా, పల్లెల్లో వేళ్లూనుకున్నది ప్రధానంగా ఇక్కడి నుంచే. నిజామాబాద్ ప్రాంతం కూడా మెదక్ డయాసిస్ (బిషప్ పాలనా పరిధి) లోనిదే.

ఈ ప్రాధాన్యానికి మూలం వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. 1890ల చివర్లో ఆయన ఇక్కడ స్థిరపడ్డారు. బడి, వైద్యం, బోధన కలిసి సాగాయి. ముందుగా క్రైస్తవంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బడి గడప తొక్కనివ్వని కాలంలో వారికి అక్షరం అందడం చిన్న విషయం కాదు. మత మార్పిడి లెక్కల్లో ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది.

1914లో మొదలైన మెదక్ మహాదేవాలయ (కేథడ్రల్) నిర్మాణం కరువు రోజుల్లో వేలాదిమందికి పని, తిండి చూపింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోతిక్ శైలి కట్టడం. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, శిఖరం ఎత్తు 175. రంగుటద్దాల కిటికీలు ఫ్రాంక్ సాలిస్బరీ రూపకల్పన.

నిజామాబాద్ వైపు ఇదే మిషన్ సేవకు గుర్తు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి. డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్ 1915లో దాన్ని ప్రారంభించారు. చాల్‌మోగ్రా జాతి నూనెతో అక్కడ చికిత్స చేసేవారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ డయాసిస్ కేంద్రమైంది.