తలుపు ఆవలి సద్దు

1974వ సంవత్సరము జనవరి మాసమున, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి, తొలుత వేయి ప్రతులు మాత్రమే అచ్చయి, మూడు పలుచని పుస్తకములుగా ఒక పెట్టెలో అమర్చబడి వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడయందు, శబ్దమును గూర్చిన నియమ మొకటి కలదు. భూగర్భమందలి చీకటిదారుల వెంట సంచరించు సాహసికులు మూసిన తలుపు నొకదానిని సమీపించినపుడు, దానికి చెవి యొగ్గి లోపలి అలికిడిని వినుటకు ప్రయత్నింపవచ్చును; ఆరు ముఖముల పాచికపై మానవునకు ఒకటి పడినచో, మరుగుజ్జులకును ఎల్ఫులకును ఒకటియో రెండో పడినచో, లోపల సద్దున్న యెడల అది వినబడును. అయితే చచ్చియు చావని ప్రేతజాతి మాత్రము ఎన్నడును ఏ సద్దును చేయదు. ఈ చిన్న నియమమును చదివినపుడెల్ల, బల్లమీద పటములును బొమ్మలును ఎన్ని పరచినను ఈ క్రీడ మొదటినుండియు కంటికంటె చెవినే నమ్ముకొన్నదని నాకు తోచుచుండును.

ఈ క్రీడ నెఱుగని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. వారిలో 'డంజన్ మాస్టర్' అనబడు ఒకడు కల్పితలోకమును నోటితో వర్ణించును. తక్కినవారు తల కొక పాత్రను ధరించి, ఆ లోకమున తామేమి చేయుదురో చెప్పుదురు. సందిగ్ధమైన కార్యముల ఫలితమును పాచికలు తేల్చును. రంగస్థలము లేదు, వేషము లేదు, ముందుగ వ్రాసిపెట్టిన సంభాషణము లేదు. ఒక్కడే రాజై, భటుడై, రాక్షసుడై, సత్రపు యజమానురాలై పలుకవలసి వచ్చుటచేత మన హరికథకుడు స్ఫురించుట సహజమే. కాని హరికథను వినువారు కథాగమనమును మార్పజాలరు, ఇచ్చట వినువారే దానిని ప్రతిక్షణము మలుపు త్రిప్పుచుందురు. శబ్దమును గూర్చిన చిక్కులన్నియు ఈ భేదమునుండియే పుట్టినవి.

ఈ క్రీడకు పూర్వీకులు ప్రష్యా సైనికుల యుద్ధక్రీడలు. 1824లో రైస్విట్జ్ అను యువసైనికాధికారి రూపొందించిన 'క్రీగ్‌ష్పీల్' నందు ఇరుపక్షముల నాయకులు తమ ఆజ్ఞలను వ్రాసి మధ్యస్థుని చేతికిత్తురు. రణరంగస్థితిని సంపూర్ణముగ నెఱిగినవాడు అతడొక్కడే. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1876లో, వెర్డీ దు వెర్నోయి అను సేనాని పట్టికలను పాచికలను ప్రక్కకు నెట్టి, అనుభవశాలియైన మధ్యస్థుని తీర్పే చాలునని ప్రతిపాదించెను. ఒక మనుష్యుని మాటయే లోకస్థితిని నిర్ణయించు అధికార మట్లు సిద్ధించినది. ఆ మాటకు అభినయ మింకను అబ్బలేదు. అది సేనాకార్యాలయపు పొడిగొంతు.

ఆ గొంతునకు పాత్ర దొరకుటకు 1969వ సంవత్సరము రావలసివచ్చెను. అమెరికాలోని మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరములలో డేవిడ్ వెస్లీ అను నతడు 'బ్రౌన్‌స్టైన్' అను కల్పిత జర్మను పట్టణమును యుద్ధక్రీడకు రంగముగ జేసి, ఆటగాండ్రకు సైన్యములకు బదులు ఒక్కొక్క మనిషిని, ఒకనికి పురాధ్యక్షుని, ఒకనికి బ్యాంకు యజమానిని, మఱియొకనికి విశ్వవిద్యాలయాధిపతిని అప్పగింపగా, వారు బల్లను విడిచి, మూలమూలలకు చేరి, ఆయా మనుష్యులే తామైనట్లు తమలో తాము మాటలాడుకొనసాగిరి. ఆట చేయిజారినదని వెస్లీ చింతించెను. ఆటగాండ్రో మరల ఎప్పుడని అడిగిరి. ఆ బృందములోని డేవ్ ఆర్నెసన్ దానిని 1971 ప్రాంతమున 'బ్లాక్‌మూర్' అను మాయాలోకమునకు మరల్చుటయు, గారీ గైగాక్స్‌తో కూడి పైన చెప్పిన మూడు పుస్తకములను వెలయించుటయు తరువాతి కథ.

గైగాక్స్ తొలినాళ్లలో ఆట నడపిన తీరును గూర్చి ఆనాటి ఆటగాండ్ర జ్ఞాపకము మిక్కిలి రుచికరమైనది. తన చదువుగదిలో కాగితములు దాచు ఇనుప బీరువా సొరుగులను బయటికి లాగి, వాని చాటున ఆయన కూర్చుండెడివాడట. ఆటగాండ్రకు మనిషి కనబడడు, గొంతు మాత్రమే వినబడును. గొంతులు మార్చుటయు లేదు, వాద్యము లేదు. ముఖమును మరుగుచేయుటయే ఆయన చేసిన ధ్వనిప్రయోగము. ఆటగాండ్ర పక్షమునగూడ అందఱును ఒక్కమారుగ మాటలాడుట లేక, 'కాలర్' అను నొకడే అందఱి నిర్ణయములను వినిపించెడివాడు. మూడవ పుస్తకమునందు నమూనాగ నిచ్చిన సంభాషణము ఆ ఇరువురి నడుమనే జరుగును. అందు నటన లేశమైనను లేదు.

చీకటిలో గొంతు మాత్రమే వినబడు కళ యొకటి అప్పటికే యర్ధశతాబ్దిగ వర్ధిల్లుచుండెను. 1924 జనవరి 15వ తేదీన బి.బి.సి. వారు ప్రసారము చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక, శ్రవణమాత్రమునకై వ్రాయబడిన నాటకములలో మొదటిదిగ గణింపబడుచున్నది. దాని పేరునకు అపాయమని యర్థము. బొగ్గుగనిలో దీపము లారిపోయి చిక్కుకొన్న మనుష్యుల కథ యది. శ్రోతకు దృశ్యము కనబడకుండుటను లోపముగ నెంచక, కథలోని వారికిని ఏమియు కనబడనీయకపోవుటయే హ్యూస్ ప్రతిభ. సరిగా ఏబదియేండ్లకు వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ గూడ భూగర్భపు చీకటినే రంగముగ నెన్నుకొనుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని కేవలము మాటతో లోకమును కట్టవలసినవారికి చీకటికంటె చేరువైన చుట్టము లేదు.

రేడియో కళాకారులు పిమ్మట వాడుకొన్న చమత్కారములు పెక్కు: కొబ్బరిచిప్పలు రెండు గుఱ్ఱపు డెక్కలగును, మొక్కజొన్నపిండి మూట నొక్కిన మంచుపై అడుగుల చప్పుడగును, నలిపిన సెల్లోఫేన్ కాగితము మంటయగును, ఊపిన ఇనుపరేకు ఉరుమగును. తోలుబొమ్మలాటలో తెరవెనుక కాలిక్రింద చెక్క నుంచుకొని యుద్ధఘట్టములందు తొక్కు మన ఆటగాండ్రకు ఈ విద్య వింతగ తోచదు. బల్లచుట్టు ఆటలోనికి మాత్ర మివి ఆలస్యముగ వచ్చినవి. చేతులు రెండును పాచికలతోను కాగితములతోను నిండియున్నవానికి కొబ్బరిచిప్పలు పట్టు తీరిక యెక్కడిది?

ముందుగ వచ్చినవి వ్రాతలే. 1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్' నందు, తలుపులకు చెవి యొగ్గువారి చెవిలో దూరి ప్రాణము తీయు పురుగు నొకదానిని చేర్చిరి. అతిగా ఆలకించు ఆటగాండ్రపై నడపువారి కసి అందు స్పష్టముగ కనబడును. 1979 నాటి 'డంజన్ మాస్టర్స్ గైడ్' అనుబంధమున, కారణము తెలియని విచిత్రశబ్దముల పట్టిక యొకటి గలదు; పాచిక వేసి ఏ మూల్గో, గంటానాదమో, మంత్రపఠనమో ఏరుకొనవచ్చును. నడపువాడు యథాతథముగ చదివి వినిపించుటకై గళ్లలో ముద్రించిన వర్ణనలు 1980 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినవి. వీనివలన కొత్తవారికి ఊతము కలిగెనే గాని, చదువుచున్న గొంతునకును మాటలాడుచున్న గొంతునకును గల తేడాను ఎంతటి మందబుద్ధియైనను పసిగట్టుటచేత, గళ్లలోని గద్యము మొదలుకాగానే శ్రోతల చూపులు తినుబండారముల వైపు మరలుట పరిపాటియైనది.

గొంతు కావలెనని కోరినది భయానకరసము. 1981లో శాండీ పీటర్సన్ రచింపగా కేయోసియం సంస్థ ప్రకటించిన 'కాల్ ఆఫ్ క్తుల్హు' నందు శత్రువును గెలుచుటకంటె మతి చెడకుండ నిలుచుట ప్రధానము. అట్టి ఆటను అంగడి లెక్క చెప్పినట్లు నడపుట సాధ్యము కాదు. 1991లో వెలువడిన 'వాంపైర్: ద మాస్కరేడ్' నడపువానికి 'స్టోరీటెల్లర్' అను బిరుదునే యిచ్చెను.

యంత్రము ప్రవేశించిన పిమ్మటి చరిత్రను నేను త్వరగ దాటుదును. 1994లో, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రకటించుచుండిన టి.ఎస్.ఆర్. సంస్థ 'ఫస్ట్ క్వెస్ట్' పెట్టెలో ఆడియో సీడీని జతపరచి, కథలో ఆయా తావులందు ఆయా భాగములను వినిపింపవలెనని సూచించెను. నటుల గొంతులును ధ్వనులును అందు కలవు. కాని ఆటగాడు కుడికి పోవలసినచోట ఎడమకు పోయిన యెడల సీడీ యేమి చేయగలదు? తరువాత 2003లో మిడ్‌నైట్ సిండికేట్ అను సంగీతబృందము ఈ క్రీడకు అధికారిక వాద్యసంపుటిని వెలువరించినది. 2012లో ఆరంభమైన రోల్20 వంటి అంతర్జాల వేదికలును, సిరిన్‌స్కేప్ వంటి సాధనములును, వర్షమును, సత్రపు కోలాహలమును, కత్తుల ఖంగుమనుటను వ్రేలికొన తాకిడికి అందుబాటు చేసినవి. సీడీకి లేని అనువర్తనగుణము వీనికి కలదు. అయినను కత్తి మ్రోగవలసిన క్షణమున నడపువాడు తెరపై మీట వెదకుచు మౌనము వహించుటకంటె, 'ఖణేల్' మని తానే అనుట మేలని నా యభిప్రాయము.

2015 మార్చిలో మాథ్యూ మెర్సర్ నడపగా, యానిమేషను చిత్రములకును వీడియో ఆటలకును గాత్రదానము వృత్తిగా గల మిత్రబృంద మొకటి తమ ఆటను 'క్రిటికల్ రోల్' అను పేర అంతర్జాలమున ప్రసారము చేయ నారంభించెను. ప్రతి పాత్రకు వేఱువేఱు యాస, వేఱు ఊపిరి, వేఱు నవ్వు. లోకము ముగ్ధమయ్యెను, 2019లో ఒక చిన్న యానిమేషను చిత్రమునకై వారు ఏడున్నర లక్షల డాలర్లు యాచింపగా ఒక కోటి పదుమూడు లక్షలకు పైగా వచ్చిపడెను. దీని వలన కలిగిన అనర్థమునకు మెర్సర్ పేరే పెట్టిరి: తమ యింట ఆట నడపు సామాన్యుడుకూడ అట్లే పలుకవలెనని ఆటగాండ్రు ఆశించుటయే 'మెర్సర్ ఎఫెక్ట్'. ఇందు ఆయన తప్పిదము లేదు. గానసభకు పోయివచ్చి ఇంటి జోలపాటను తూలనాడువారిదే తప్పు. మాటతీరును కొంచెము మార్చుట, వేగము తగ్గించుట, వాక్యమునకు ముందు ఒక్కక్షణ మాగుట, వీనికి గాత్రశిక్షణ అక్కఱలేదు.

అదే 2015లో స్టీఫెన్ డ్యూయీ రచించిన 'టెన్ క్యాండిల్స్' అను భయానకక్రీడకు పది చిన్న క్రొవ్వొత్తులును, మాటలను పట్టియుంచు యంత్ర మొకటియు కావలెను. చీకటిగదిలో ఆట మొదలుకాకపూర్వమే ఒక్కొక్కరు తమ పాత్ర గొంతుతో కడపటి సందేశమును ఆ యంత్రమున నిక్షేపింతురు. ఒక్కొక్క దీపము ఆరుటతో ఒక్కొక్క ఘట్టము ముగియును. చివరి దీపము ఆరులోపల పాత్రలన్నియు మరణించితీరవలెననునది నియమము. పదవది ఆరిన పిదప ఎవ్వరును పాచిక ముట్టరు. ఎవరో ఒకరు చీకటిలో తడవి యంత్రమును నొక్కుదురు, చనిపోయినవారి గొంతులను అందఱును కూర్చుండి విందురు.